కట్ చేస్తే...

ఈ మధ్య మన మాటల్లో చాలా పనులు ఒక్క క్రియే చేసిపెడుతోంది. కాల్ కట్ అవుతుంది. కరెంటు కట్ అవుతుంది. బర్త్‌డేకి కేక్ కట్ చేస్తాం. కౌన్సెలింగ్‌లో కటాఫ్ దగ్గర ఆగిపోతాం. అటెండెన్స్ తగ్గితే మార్కులు కట్ అవుతాయి. కటింగ్ షాపుకి పోయి కటింగ్ చేయించుకుంటాం. రూమ్‌లో ఇండక్షన్ స్టవ్ మీద మ్యాగీ చేసినా టమాటాలు కట్ చేస్తాం. ఇక ఎవరైనా కథ చెప్తూ "కట్ చేస్తే..." అన్నారంటే ఆరు నెలలు దాటేసి ఇంకో సీన్‌లో ఉన్నామని అర్థం.

ఈ వ్యాసం ఆ ఒక్క క్రియ గురించి. దాని అర్థాలేంటి, దాని చుట్టాలెవరు, అది మా బాన్సువాడకి వచ్చి ఏం చేసింది అన్నది.

ముందు దాని సొంత ఊరి సంగతి. వర్డ్‌నెట్ గురించి మనలో చాలామంది వినే ఉంటారు. 1985లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జార్జ్ మిల్లర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ నాయకత్వంలో మొదలైన డేటాబేస్ అది. మామూలు డిక్షనరీలా అక్షరాల వరసలో కాకుండా, ఒకే అర్థమిచ్చే మాటల్ని ఒక గుంపుగా పెడుతుంది. ఆ గుంపుని సిన్‌సెట్ అంటారు. పైథాన్‌లో ఎన్‌ఎల్‌టీకే వేసుకుని 'కట్' అని అడిగి చూడండి. క్రియగానే నలభై దాకా అర్థాలు వచ్చి పడతాయి. కత్తితో కోయడం ఒకటి. ఖర్చు తగ్గించడం ఒకటి. క్లాసు ఎగ్గొట్టడం ఒకటి. పేకని మధ్యకి విడదీయడం ఒకటి. పసిపిల్లలకి చిగురులోంచి పన్ను రావడం ఒకటి. మందులో నీళ్లు కలిపి పల్చన చేయడం కూడా ఒకటి!

అన్ని అర్థాలున్నాయి కదా అని ఇంగ్లీషు వాళ్లు అన్నిటికీ అదే వాడరు. పల్చని బిళ్లలుగా కోస్తే స్లైస్. దెబ్బవేసి ముక్కలు చేస్తే చాప్. బాగా సన్నగా చేస్తే మిన్స్. కత్తెరతో టుక్కుమనిపిస్తే స్నిప్. పంటనైతే రీప్, లాన్‌లో గడ్డినైతే మో, గొర్రె ఉన్నినైతే షియర్, చెట్టు కొమ్మల్ని తీర్చిదిద్దితే ప్రూన్. అంచులు సరిచేస్తే ట్రిమ్. రంపం పడితే సా. పూర్తిగా వేరైపోయేలా చేస్తే సివర్. పెద్ద క్రియ చేసే పనినే ఒక ప్రత్యేక పద్ధతిలో చేస్తే వచ్చే ఇలాంటి చిన్న క్రియల్ని వర్డ్‌నెట్‌లో ట్రోపోనిమ్‌లు అంటారు.

ఇంకో విశేషం ఉంది. పాత ఇంగ్లీషులో ఈ పనికి మామూలుగా వాడే మాట 'కట్' కాదు. ఇప్పటి 'కార్వ్'కి మూలమైన మాట అప్పట్లో అన్ని రకాల కోతలకీ పనికొచ్చేది. 'కట్' 1300 ప్రాంతంలో రాతల్లో కనిపించడం మొదలైంది. ఎక్కడి నుంచి వచ్చిందో భాషావేత్తలు ఇప్పటికీ గట్టిగా తేల్చలేదు. ఊరూపేరూ తెలియని ఆ మాట మెల్లగా ఇంటి యజమాని అయి కూర్చుంది. 'కార్వ్' బేచారాకి చివరికి వండిన మాంసం, రాయి, చెక్క మిగిలాయి. అంటే ఈ మాట మన దగ్గర ఇప్పుడు చేస్తున్న పని, ఏడు వందల ఏళ్ల కింద ఇంగ్లీషులోనే ఒకసారి చేసింది.

ఇప్పుడు మా ఇంటికి రండి. ఇంగ్లీష్ మీడియం స్కూల్లో నేను నేర్చుకున్నది ఒక్క లైను: కట్ అంటే కత్తిరించు. నానమ్మ దగ్గర మాత్రం కత్తిరించేది బట్టనీ, కాగితాన్నీ. కత్తెర చేతిలో ఉంటేనే కత్తిరించుడు. మిగిలిన ప్రతి పనికీ ఆమె దగ్గర వేరే మాట ఉంది.

ఉల్లిగడ్డ కోస్తది. కొత్తిమీర తుంచుతది. పుంటికూర ఆకు తెంపుతది. చిక్కుడుకాయ ఈనె తీసి ఇరుస్తది. కొబ్బరికాయ కొడుతది. ఒక్క మామిడికాయనే తీసుకోండి. చెట్టు మీద నుంచి తెంపుతాం. తొక్కు పెట్టాలంటే టెంకతో సహా ముక్కలు కొట్టిస్తాం. పచ్చికాయ పప్పులో వేయాలంటే చెక్కు తీస్తాం. పండైతే కోసుకుని తింటాం. నాలుగు పనులూ ఇంగ్లీషులోకి మార్చమంటే మన క్లాసులో సగం మంది నాలుగుసార్లూ 'కట్' అనే రాస్తాం.

వాకిట్లోకి వస్తే కట్టెలు కొడతరు. చెట్టు నరుకుతరు. బర్లకు గడ్డి కోస్తరు. మక్క కంకులు ఇరుస్తరు. పండుగనాడు యాటను కోస్తరు, తర్వాత ముక్కలు కొడతరు. ఇక్కడ రెండు మాటలూ ఎంత దూరంలో ఉన్నాయో చూడండి. ప్రాణం ఉన్నప్పుడు కోసుడు, ప్రాణం పోయినంక కొట్టుడు. మటన్ షాపులో "చిన్న ముక్కలు కోయి" అని ఎవరూ అనరు, "చిన్నగ కొట్టు" అంటరు.

మన ఒంటి దగ్గరికి వచ్చేసరికి తెలుగు కత్తిని దాచిపెడుతుంది. గోర్లు తీసుకుంటాం. పిల్లలకి పుట్టెంటికలు తీయిస్తాం. గడ్డం గీసుకుంటాం. బ్లేడు, కత్తెర అన్నీ ఉంటాయి, కానీ మాటలో మాత్రం 'తీయడం'. ముల్లు తీసినట్టు, దిష్టి తీసినట్టు.

అన్ని ఊళ్లలో ఇవే మాటలని కాదు. నా రూమ్‌మేట్‌ది తెనాలి వైపు. వాళ్లింట్లో పూలు 'కోస్తారు'. మా దగ్గర పూలు తెంపుడే. మొదటిసారి "పూలు కోసుకురావాలి" అంటే "కత్తి కావాల్నా" అని అడిగాను, సరదాకే. వాళ్లు కూరగాయలు 'తరుగుతారు'. మా దగ్గర కూరగాయలు కోసుడు. మా వైపు రైతుకి 'తరుగు' అనగానే కూరగాయ గుర్తుకురాదు. వడ్లు తూకం వేసేటప్పుడు తేమ అనో, తాలు అనో బస్తా మీద తీసేసే కిలోలు గుర్తొస్తాయి. దాన్నే కొన్నిచోట్ల కడ్తా అంటరు. తరుగు అంటే తగ్గడం కూడా కదా. ఒకే మాట ఒక ఇంట్లో వంటింటిది, ఇంకో ఇంట్లో నష్టానిది.

ఇదంతా మా నానమ్మ ఛాదస్తం అనుకోకండి. ప్రపంచంలో మనుషులు ఈ పనుల్ని ఎలా విడదీసుకుంటారో తెలుసుకోవడానికి నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక పెద్ద పరిశోధనే జరిగింది. ఆసిఫా మజీద్, మెలిస్సా బౌర్‌మన్, ఇంకొందరు కలిసి 61 చిన్న వీడియోలు తయారుచేశారు. ఎవరో కత్తితో క్యారెట్ కోస్తారు, చేత్తో బట్ట చింపుతారు, సుత్తితో కుండ పగలగొడతారు, అలాంటివి. 28 భాషల వాళ్లకి చూపించి "ఏం చేస్తున్నారు?" అని అడిగారు. ఆ భాషల్లో హిందీ, తమిళం కూడా ఉన్నాయి. 2007లో ఫలితాలు వచ్చాయి. భాషలు ఎన్ని రకాలుగా విడదీసుకున్నా, అన్నిటి వెనకా బలంగా కనిపించిన తేడా ఒకటి: వస్తువు సరిగ్గా ఎక్కడ విడిపోతుందో ముందే చెప్పగలమా, లేదా?

దాన్ని తెలుగుకి పెట్టి చూస్తే భలే కుదురుతుంది. కోసినా, కత్తిరించినా ఎక్కడ తెగుతుందో ముందే తెలుసు. పగలగొడితే తెలియదు. విరిచినా, తెంపినా, చింపినా సగం తెలుసు, సగం తెలియదు. అంటే మనం మాట అన్నప్పుడే చేతిలో ఏముందో, ఎంత జాగ్రత్తగా చేస్తున్నామో, పని అయ్యాక వస్తువు ఏ స్థితిలో ఉంటుందో చెప్పేస్తున్నాం. కోడింగ్ భాషలో చెప్పాలంటే 'కట్' ఒక ఫంక్షన్. దేన్ని, దేనితో, ఎలా అన్న ఆర్గ్యుమెంట్లు మనం పంపాలి. నరుకు, గిల్లు, గీకు, తుంచు అన్న వాటిల్లో ఆ ఆర్గ్యుమెంట్లు ముందే నింపి ఉంటాయి.

ఇక పొలం దగ్గరికి పోదాం. ఎందుకంటే మా దగ్గర 'కోత' అన్న మాటకి అసలు ఇల్లు అదే. బాన్సువాడ ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉంది, 2016 అక్టోబర్‌కి ముందు నిజామాబాద్ జిల్లా. మంజీరా నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ మా వైపు అందరికీ తెలిసిన పేరు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజినీర్ కట్టించింది. ఆ కాలువల నీళ్లతోనే మా వైపు వరి, ఒకప్పుడు చెరుకు. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో వచ్చింది, 2015లో మూతపడింది. చెరుకు నరికేది. వరి కోసేది. ఎవరూ తిరగేసి అనరు. చెరుకు గడకి దెబ్బ కావాలి. వరికి ఎడమచేత్తో పిడికెడు దుబ్బు పట్టుకుని, కొడవలి తన వైపు గుంజాలి. నరికితే గింజ రాలిపోతది.

తాత కాలంలో కోత అంటే ఒక్క పని కాదు. కోసి, ఆరబెట్టి, మోపులు కట్టి, కుప్ప పెట్టి, కల్లంలో కొట్టి, తూర్పారబట్టి, అప్పుడు బస్తాలకెత్తేది. ఇప్పుడు హార్వెస్టర్ వస్తది. నేల ఆరితే టైర్ల మిషన్, బురద ఉంటే చైన్ మిషన్, గంట లెక్కన కిరాయి. ఒక దిక్కు నుంచి పోతూనే కోసి, గింజ రాల్చి, గడ్డి వెనక పారేసి, వడ్లు ట్రాక్టర్‌లో పోస్తది. నడుము వంగి కోసిన ఆడవాళ్లని అడిగితే, ఆ పని పోయినందుకు ఎవరూ ఏడవట్లేదు. నేనూ ఏడవమనట్లేదు. నాకు ఆసక్తిగా అనిపించింది మాటకి జరిగిన సంగతి. ఇప్పుడు మా వాడలో ఎవరినడిగినా "వరి కోసినం" అనరు, "వరి కోపిచ్చినం" అంటరు. క్రియ బతికింది, కానీ చేయి మారింది. చేసేవాళ్లమంతా చేయించేవాళ్లమయ్యాం.

కొడవలి పోతే దానితో ఉన్న పాతిక మాటలు కూడా పోతాయని ముందే అనుకున్నవాళ్లు ఉన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు సంపాదకుడిగా 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వేసింది. అది పూర్తిగా వ్యవసాయ పదాల పుస్తకం. జిల్లాల్లో రైతుల దగ్గరికే పోయి ఏ పనిని, ఏ పనిముట్టుని, ఎక్కడ ఏమంటారో అడిగి రాసుకున్నారు. తర్వాత చేనేత మాటలకీ ఒక సంపుటం వచ్చింది. మనం వర్డ్‌నెట్ అని ఇంత ముచ్చటగా చెప్పుకుంటున్నది ప్రిన్స్‌టన్‌లో మొదలవడానికి ఇరవై ఏళ్ల ముందే, కంప్యూటర్ లేకుండా, కాగితాలతో ఈ పని తెలుగులో జరిగింది.

ఇంకొక్క కోత గురించి చెప్పాలి, అది ముందు ముందు అవసరం పడుతుంది. తాటిచెట్టుని, ఈతచెట్టుని కల్లు కోసం 'గీస్తరు'. అందుకే అది గీత వృత్తి. కోస్తే చెట్టు ఎండిపోతది, నరికితే చచ్చిపోతది. పదునైన కత్తితో రోజూ పల్చగా, కాగితమంత పొర తీస్తారు. చెట్టుకి గాయం కొత్తగా ఉండాలి కానీ లోతుగా ఉండొద్దు. ఆ పల్చదనమంతా 'గీయడం' అన్న మాటలో ఉంది.

మా నానమ్మకి షుగర్ ఉంది. పోయిన ఎండాకాలం కాలి బొటనవేలు పక్కన పుండయి మానలేదు. ఊర్లో చూపించి, తర్వాత ఒక పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. డాక్టర్ గారు ఓపికగానే చూశారు. చూసి నాన్నతో "కట్ చేసి డ్రెస్సింగ్ చేయాలి. రేపు మార్నింగ్ పెట్టుకుందాం" అని పక్క బెడ్ దగ్గరికి వెళ్లారు.

నానమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ 'కట్' తెలుసు, తెలియనిది ఎవరికి? కరెంటు కట్ అంటే కరెంటే ఉండదు. ఫోన్ కట్ అంటే మాటే ఉండదు. పింఛన్ కట్ అంటే పింఛనే రాదు. మరి కాలు చూసి కట్ అన్నారంటే? షుగర్‌తో కాలు తీసేసిన మనుషులు మా ఊళ్లో ఉన్నరు. వాళ్లలో ఒకామె నానమ్మ దోస్తు.

ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "రెండు కాళ్లతోటి అచ్చిన. రెండు కాళ్లతోటే ఇంటికి తీస్కపోండ్రి" అన్నది. నాన్న "ఏం గాదమ్మా, చిన్న కటింగే" అన్నాడు. అది ఇంకా భయపెట్టింది. "చిన్నదంటే ఏంది? వేలా, పాదమా?" నాన్న దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆయన విన్నదీ ఆ ఒక్క మాటే. తెల్లారేదాకా ఆమె కండ్లు మూయలేదు. పక్కన కుర్చీలో నేను కూడా. పుండు అట్లనే వదిలి ఇంటికి తీసుకుపోతే ఏమవుతుందో ఫోన్‌లో చదువుతూ కూర్చున్నా. చదివిన కొద్దీ, ఆమె పొద్దున ఒప్పుకోకపోతే నిజంగానే కాలు దాకా వస్తుందని అర్థమైంది.

పొద్దున డ్రెస్సింగ్ సిస్టర్ వచ్చింది. మా వైపు ఆమే. నానమ్మ ముఖం చూసి మంచం మీద కూసుంది.

"ఏందవ్వా, రాత్రి పండలేదంట?"

"నా కాలు కోస్తరంట గద బిడ్డా."

"ఎవలన్నరు? కాలు ఎవలు ముట్టరవ్వా. గీ పుండు మీద నల్లగ చచ్చిన తోలున్నది సూడు, దాన్ని గీకి తీస్తరు. కింద ఎర్రగ మంచి కండ కనబడంగనే ఆపేస్తరు. చచ్చిన తోలుకు పానం ఉండదు, అంత నొస్తదా? మీదికెల్లి కట్టు కడ్తం."

నానమ్మ కొంచెంసేపు ఊకుంది. తర్వాత అడిగింది, "గౌడన్న ఈతచెట్టు గీసినట్టా?"

సిస్టర్ నవ్వింది. "ఆ, అచ్చం గట్లనే."

"గా మాట నిన్ననే జెప్పొద్దా మరి!"

అని కాగితం మీద వేలిముద్ర వేసింది. కాలు ఇప్పుడు బాగానే ఉంది. మానడానికి రెండు నెలలు పట్టింది.

ఆ పనికి డాక్టర్ల ఇంగ్లీషులో సరైన పేరు ఉంది, డిబ్రైడ్‌మెంట్. దాన్నే వాళ్లు కేస్ షీట్లో రాస్తారు. ఆ పనికి నానమ్మ తెలుగులో కూడా సరైన మాట ఉంది, గీకుడు. రెండు వైపులా ఖచ్చితమైన మాటలే ఉన్నాయి. మధ్యలో ఇద్దరికీ తెలిసిన మాట 'కట్' ఒక్కటే, అదే ఆ రోజు ఏమీ చెప్పలేదు. ఒక రాత్రి నిద్ర, ఒక పూట తిండి, కొంచెముంటే ఒక కాలు, ఆ ఖాళీలో పడ్డాయి.

అప్పటి నుంచి నాకు ఒకటి అనిపిస్తోంది. మన తెలుగుని ఇంగ్లీషు మింగేస్తోందని సభల్లో అంటుంటారు. నిజంగా ఇంగ్లీషే వచ్చి ఉంటే చాప్, స్నిప్, ట్రిమ్, స్క్రేప్, రీప్ అన్నీ వచ్చేవి కదా. మన ఇళ్లలోకి వచ్చింది ఇంగ్లీషు కాదు, అందులోంచి ఒక ఇరవై ముప్పై క్రియలు. కట్, ఓపెన్, క్లోజ్, స్టార్ట్, సెట్, ఫిక్స్, అడ్జస్ట్. వాటికి 'చేయి' తగిలిస్తే పని అయిపోతుంది. మన పన్నెండు మాటల్ని పక్కన పెట్టాం, వాళ్ల పన్నెండు మాటల్ని తెచ్చుకోలేదు. రెండు దుకాణాల మధ్య ఖాళీ సంచితో నిలబడ్డాం. ఇంగ్లీష్ ఇంటర్వ్యూలో మనం తడబడటానికీ, ఇంట్లో నానమ్మ చెప్పిన పని సగమే అర్థం కావడానికీ కారణం ఒకటేనేమో అని నా అనుమానం.

'కట్'ని వెళ్లగొట్టాలని నేను అనట్లేదు. దానికి దాని చోటు ఉంది. కాల్ కట్ చేయడానికి కొడవలి అక్కర్లేదు, అక్కడ చేయి లేదు, పనిముట్టు లేదు, కాబట్టి ఆ మాట సరిపోతుంది. పేపర్ల వాళ్లు కరెంటు కోత, జీతాల్లో కోత అని చక్కగా రాస్తున్నారు, అదీ బాగుంది. 'కోత' మాత్రం తక్కువదా? కడుపుకోత అంటే అదొక్కటే మాట, దానికి ఇంగ్లీషులో ఒక పూర్తి వాక్యం కావాలి. అదే కోత, గొప్పలు చెప్పేవాడి నోట్లో పడితే కోతలు కోయడం అవుతుంది. 'తెగు' నుంచి తెగువ వచ్చింది, తెగింపు వచ్చింది. కట్ నుంచి మనకి ఇంకా ఏ గుణమూ పుట్టలేదు.

కొన్నిచోట్ల మార్చుకున్నవాళ్లు బాగా ఆలోచించే మార్చారు. కట్, కాపీ, పేస్ట్ అనే పద్ధతిని కంప్యూటర్లోకి తెచ్చింది లారీ టెస్లర్, 1970ల్లో జిరాక్స్ పార్క్ అనే పరిశోధన కేంద్రంలో. అంతకు ముందు ఎడిటర్లు టైపు కొట్టిన కాగితాన్ని నిజంగానే కత్తెరతో ముక్కలు చేసి, జిగురుతో ఇంకోచోట అంటించేవాళ్లు. కొన్ని తెలుగు మెనూల్లో 'కత్తిరించు', 'అతికించు' అని కనిపిస్తాయి. నేను మొదట నవ్వుకున్నా. తర్వాత ఆ చరిత్ర చదివితే అర్థమైంది, అక్కడ కోయి అన్నా, నరుకు అన్నా తప్పే. కత్తెర పనికి కత్తిరించే మాటే పెట్టారు. మా నానమ్మ లెక్క ప్రకారం కూడా అది కరెక్టు. సినిమా వాళ్ల 'కట్' కూడా అంతే, ఫిల్మ్ రీలుని ఎడిటింగ్ టేబుల్ మీద కోసి అతికించిన రోజుల నుంచి వచ్చింది.

మనలో కొంతమంది ట్రాన్స్‌లేషన్ మోడల్స్ మీద ప్రాజెక్టులు చేస్తున్నారు. రేపు ఆసుపత్రిలో డాక్టర్ మాటని అప్పటికప్పుడు తెలుగులోకి మార్చే యాప్ మన చేతుల మీదుగానే రావచ్చు. అందులో 'కట్' ఎదురుగా ఒక్క మాటే రాసిపెడితే, పక్క బెడ్ మీద ఇంకో నానమ్మ రాత్రంతా మేలుకునే ఉంటుంది. మోడల్‌కి డేటా కావాలి. ఆ డేటా ఇంటర్నెట్‌లో పెద్దగా లేదు. అది మన ఇళ్లల్లో, వంటింట్లో, పొలం గట్ల మీద మాట్లాడే వాళ్ల నోళ్లలో ఉంది. వాళ్లలో చాలామందికి డెబ్బై దాటాయి.

అందుకని ఒక షీట్ మొదలుపెట్టాను. మూడు కాలమ్‌లు: ఏ వస్తువు, ఏ పనిముట్టు, ఏ క్రియ. నాలుగోది ఊరి పేరు. బాన్సువాడ కింద ఇప్పటికి ముప్పై నాలుగు వరసలు అయ్యాయి. మన కాలేజీలో ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా అందరూ ఉన్నారు. ఈసారి ఇంటికి పోయినప్పుడు వంటింట్లో ఎవరైనా "ఇది కట్ చెయ్" అంటే, "ఎట్ల?" అని ఒక్క మాట అడిగి చూడండి. కోయాలా, తరగాలా, తుంచాలా, కొట్టాలా అని వాళ్లే చెప్తారు. చెప్పింది చెప్పినట్టు, మీ ఊరి యాసలోనే, క్లబ్ మెయిల్‌కి పంపండి. షీట్ అందరికీ ఓపెన్‌గా పెడతాం. జొన్న, పత్తి, పొగాకు, తమలపాకు, చేపలు, వీటి వరసలు నా దగ్గర ఇంకా ఖాళీగానే ఉన్నాయి.